ఆరు కార్డుల డైరీ: వడ్డీ లేని బ్యాంకింగ్ గురించి బ్యాంకు ఉద్యోగులను అడిగిన పని

గుంటూరులో ఒక డిగ్రీ కళాశాలలో కామర్స్ చెబుతాను. గుంటూరు, విజయవాడ నగరాల బ్యాంకు ఉద్యోగులకు ఇస్లామిక్ బ్యాంకింగ్ (ఇస్లాం నియమాల ప్రకారం వడ్డీ లేకుండా నడిచే బ్యాంకింగ్) గురించి ఎంత తెలుసో, దానిపై వారి అభిప్రాయం ఏమిటో కొలవడం నేను పెట్టుకున్న పని. ఎందుకు పెట్టుకున్నానో ఇక్కడ రాయను. ఇదే పని ఇంకొకరు నెల్లూరులోనో కర్నూలులోనో చేయబోతే వారికి కావలసింది నా ఉత్సాహం కాదు, నేను ఎక్కడెక్కడ బోల్తా పడ్డానో, పడ్డాక ఏం మార్చానో ఆ వివరం. అందువల్ల మొదటి దెబ్బ నుంచే మొదలుపెడుతున్నాను.

దశ 1: జూలై – నాలుగు పేజీల ఫారం

మొదటి ఫారంలో 30 ప్రశ్నలు ఉన్నాయి. ఇరవై తప్పొప్పుల ప్రశ్నలు పరిజ్ఞానానికి, పది అభిప్రాయానికి. విజయవాడ వన్‌టౌన్‌లో రెండు, గుంటూరు బ్రాడీపేటలో ఒకటి, మొత్తం మూడు బ్రాంచిలలో పరిచయస్తుల ద్వారా ఇచ్చి, వారం తరువాత వచ్చి తీసుకుంటానని చెప్పాను. ఆ వారం తరువాత జరిగింది ఇది:

1. ఇచ్చినవి 25, తిరిగి వచ్చినవి 14.
2. వాటిలో ఐదింటిలో రెండో పేజీ తరువాత ఒక్క గడి కూడా నింపలేదు.
3. ఒకే బ్రాంచి నుంచి వచ్చిన మూడు ఫారాల్లో ముప్పై జవాబులూ ఒకేలా ఉన్నాయి, టిక్కు పెట్టిన పెన్ను రంగుతో సహా.
4. పనికొచ్చినవి 6.

ఫారాలు వసూలు చేయడానికి వెళ్లిన రోజు నెల మొదటి వారంలో పడింది. అది పింఛనుదారులు కౌంటర్ల ముందు బారులు తీరే వారం. నా ఫారాలు కొన్ని పాస్‌బుక్ ప్రింటరు కింద ఎత్తు సరిచేయడానికి మడతపెట్టి ఉన్నాయి. క్లర్కు అమ్మాయి వాటిని తీసి ఇస్తూ, "సార్, ఇవి మీవే కదా? ఏమీ అనుకోకండి, ప్రింటరు ఊగుతోంది" అన్నది. అనుకోవడానికేముంది, ఆ వారంలో వెళ్లడం నా తప్పే.

బ్యాంకులో ఎప్పుడు అడగాలో అప్పుడు నేర్చుకున్నది:

1. నెలలో 1 నుంచి 7 వరకు, చివరి మూడు రోజులు వెళ్లరాదు.
2. రెండో, నాలుగో శనివారాలు సెలవు. మిగతా శనివారాల మధ్యాహ్నం అన్నిటికంటే అనుకూలం.
3. మామూలు రోజుల్లో సాయంత్రం నాలుగుంబావు నుంచి ఐదు వరకు, క్యాష్ లెక్క సరిపోయాక మాత్రమే అడగాలి. లెక్క సరిపోకపోతే ఆ రోజు నమస్కారం పెట్టి వచ్చేయాలి.
4. నవంబరులో పింఛనుదారుల లైఫ్ సర్టిఫికెట్ల రద్దీ ఉంటుంది. మార్చి సంగతి చెప్పనక్కరలేదు.

మా బాబాయి ఒక ప్రభుత్వరంగ బ్యాంకులో ఆఫీసరుగా రిటైరయ్యాడు. ఫారం చూపిస్తే కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "ఒరేయ్, బ్యాంకువాణ్ణి అభిప్రాయం అడిగితే ముందు సర్క్యులరు ఉందా అని చూస్తాడురా. పైగా పేరులోనే మతం ఉంది. నీ ఫారం మీద సంతకం లేకపోయినా చేతిరాత ఉంటుందని భయపడతాడు" అన్నాడు. ఒక బ్రాంచి మేనేజరు పైఆఫీసు అనుమతి కావాలన్నారు. పైఆఫీసుకు రాసిన ఉత్తరానికి జవాబు రాలేదు. ఆ దారి వదిలేసి, బ్రాంచి పేరు, ఉద్యోగి పేరు ఎక్కడా రాయకుండా, పనివేళలు దాటాక, వ్యక్తిగతంగా మాత్రమే అడగాలని నిర్ణయించాను.

ఇప్పటివరకు: చేతికి వచ్చినవి 14, పనికొచ్చినవి 6, ఖర్చు 460 రూపాయలు.

దశ 2: ఆగస్టు – గూగుల్ ఫారం పొరపాటు

కాగితం వల్ల కావడం లేదని అవే ప్రశ్నలను గూగుల్ ఫారంలో పెట్టి వాట్సాప్ గ్రూపుల్లోకి పంపాను. నాలుగు రోజుల్లో 41 జవాబులు వచ్చాయి. ఆ సంఖ్య చూసి సంతోషించినంత సేపు పట్టలేదు, అది ఎందుకూ కొరగాదని తెలియడానికి. ఉద్యోగ హోదా గడిలో బీమా ఏజెంటు, చిట్‌ఫండ్ సూపర్‌వైజరు, "మా ఆయన బ్యాంకులో" అన్న గృహిణి కూడా ఉన్నారు. మిగిలినవారి పరిజ్ఞానం మార్కులు అనుమానం కలిగించేంత బాగున్నాయి. ఇరవైకి పద్దెనిమిది, పందొమ్మిది. ఒకాయన్ను ఫోనులో అడిగితే, "తెలియనివి వెతికి చూసి పెట్టానండీ, తప్పు పెడితే బాగుండదు కదా" అన్నారు. గూగుల్ ఫారం జవాబు పంపిన సమయాన్ని నమోదు చేస్తుంది కానీ, ఎప్పుడు తెరిచారో చెప్పదు. కాబట్టి ఎవరు రెండు నిమిషాల్లో నింపారో, ఎవరు వెతుక్కుని గంటకు నింపారో తేల్చే దారి లేదు.

అభిప్రాయాలకైతే ఆన్‌లైన్ ఫారం చాలవచ్చు. పరిజ్ఞానం కొలవాలంటే మాత్రం మనిషి ఎదురుగా కూర్చోవాలి. 41ని పూర్తిగా పక్కన పెట్టాను.

ఇప్పటివరకు: చేతికి వచ్చినవి 55, పనికొచ్చినవి అవే 6, ఖర్చు అదే 460 రూపాయలు.

దశ 3: సెప్టెంబరు – నా జవాబుల పట్టికలోనే తప్పులు

ఈ దశలో ఎవరినీ కొత్తగా అడగలేదు. ఐదుగురు పరిచయస్తులైన ఉద్యోగులను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, ప్రశ్నను గట్టిగా చదివి తమకు అర్థమైంది తమ మాటల్లో చెప్పమన్నాను. ఒక్కొక్కరికి నలభై నిమిషాలు పట్టింది. మొత్తం ప్రాజెక్టులో అన్నిటికంటే లాభం ఇచ్చిన ఖర్చు ఆ రెండు వందల నిమిషాలే.

మొదట దొరికిన తప్పు: "భారతదేశంలో ఇస్లామిక్ బ్యాంకు పనిచేస్తున్నది" అన్న వాక్యానికి నా పట్టికలో "ఒప్పు" అని ఉంది. నా మనసులో ఉన్నది కేరళ. అక్కడి రాష్ట్ర పారిశ్రామికాభివృద్ధి సంస్థ చేయూతతో వడ్డీ లేని ఆర్థిక సంస్థ ఒకటి మొదలు కావడం, దానిపై వేసిన పిటిషన్లను కేరళ హైకోర్టు 2011 ఫిబ్రవరిలో కొట్టివేయడం నిజమే. అయితే అది బ్యాంకు కాదు, బ్యాంకేతర ఆర్థిక సంస్థ. లబ్బీపేటలో ఉండే ఒక ఆఫీసరు పెన్ను మూత తీయకుండానే, "మాస్టారూ, లైసెన్సు ఎవరిదండీ?" అని ఒక్క ప్రశ్న అడిగి నా పట్టికను పడగొట్టారు.

ఆయన సాయంతోనే చట్టం వైపు సరిచూసుకున్నాను. 1949 నాటి బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టంలో 8వ సెక్షన్ ప్రకారం, హామీగా ఉన్న ఆస్తిని అమ్మి బాకీ రాబట్టుకోవడం వంటి మినహాయింపులు తప్పించి, బ్యాంకు సరుకు కొని అమ్మే వ్యాపారం చేయరాదు. 9వ సెక్షన్ ప్రకారం సొంత వాడకానికి కాని స్థిరాస్తిని ఏడేళ్లకు మించి ఉంచుకోరాదు. ఇస్లామిక్ బ్యాంకింగ్‌లో ఎక్కువగా జరిగే ఒప్పందాలు కొని అమ్మడం, కొని అద్దెకివ్వడం. అంటే చిక్కు మతంతో మొదలు కావడం లేదు, చట్టం బ్యాంకుకు ఇచ్చిన నిర్వచనంతోనే మొదలవుతున్నది. 2008లో రఘురామ్ రాజన్ అధ్యక్షతన ఆర్థికరంగ సంస్కరణల కమిటీ వడ్డీ లేని బ్యాంకింగ్‌కు వీలు కల్పించాలని సిఫారసు చేసింది. 2015లో దీపక్ మహంతి కమిటీ మామూలు బ్యాంకుల్లోనే ఒక ప్రత్యేక విండో (వడ్డీ లేని సేవల విభాగం) పెట్టవచ్చని సూచించింది. 2017 నవంబరులో సమాచార హక్కు దరఖాస్తుకు ఇచ్చిన జవాబులో రిజర్వు బ్యాంకు ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకువెళ్లరాదని నిర్ణయించినట్లు చెప్పింది. నా పాత ఫారంలో ఈ మూడు ఘట్టాలూ "అనుమతి వచ్చింది / రాలేదు" అన్న ఒకే ప్రశ్నలో కుక్కేసి ఉన్నాయి. దాన్ని తీసేశాను.

రెండో తప్పు మాటల్లో ఉంది. "రిబా" అంటే వడ్డీ అని రాశాను. తెలుగువాడికి వడ్డీ అంతా ఒకటి కాదు. నూటికి రూపాయి లోపుంటే ధర్మవడ్డీ, మూడు, ఐదు అయితే అన్యాయం, వడ్డీకి వడ్డీ కడితే చక్రవడ్డీ. చదివిన ఐదుగురిలో ముగ్గురు "ఇస్లాం వడ్డీని నిషేధిస్తుంది" అన్న వాక్యాన్ని "అధిక వడ్డీని" అని అర్థం చేసుకున్నారు. ఇస్లామిక్ బ్యాంకులు పాటించే నియమంలో అప్పు మీద ముందే ఖరారైన అదనపు సొమ్ము ఏదైనా, అర్ధరూపాయి వడ్డీ అయినా, రిబాయే. అందువల్ల ప్రశ్నలో "ఎంత తక్కువైనా సరే" అని చేర్చవలసి వచ్చింది.

మూడోది నాకు ఇష్టమైన తప్పు. అరబ్బీ పేర్లు తెలుగువారికి పరాయివని నేను ప్రతిదానికీ సంస్కృతంలో అనువాదం కట్టాను. అద్దె ఒప్పందమైన ఇజారాకు "భాటక ఒప్పందం", వకాలాకు "ప్రాతినిధ్య ఒడంబడిక" అని రాశాను. ఒక క్లర్కు చదివి, "ఇజారా అంటే తెలుసండీ, మా తాతయ్య చెరువు ఇజారాకు తీసుకునేవాడు. ఈ భాటకమే తెలియడం లేదు" అన్నాడు. ఇజారా, వకాల్తా, అమానతు, జామీను, బాకీ, ఆఖరికి వడ్డీ పక్కన నిలబడే "అసలు" కూడా ఎప్పుడో మన ఖాతాల్లోకి వచ్చి కూర్చున్న మాటలే. నేను వాటిని బయటికి పంపి, ఎవరూ వాడని మాటలను లోపలికి తెచ్చాను. భాటకాన్ని కొట్టేశాను.

ఇంకొకటి, వ్యాకరణానికి సంబంధించినది. "వడ్డీ లేకుండా బ్యాంకు నడవదు" అన్న వాక్యం ఎదుట "ఏకీభవించను" అన్న గడి పెడితే మూడు వ్యతిరేకార్థాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, మనిషి కాసేపు పైకప్పు వైపు చూస్తాడు. అటువంటి వాక్యాలన్నిటినీ "వడ్డీ లేకుండా కూడా బ్యాంకు నడపవచ్చు" అన్న తీరుకు మార్చాను.

ఇప్పటివరకు: ప్రశ్నలు మారిపోయాయి కాబట్టి పాత 6 కూడా పోయి, పనికొచ్చినవి 0. ఖర్చు 710 రూపాయలు, ఎక్కువ భాగం టీ, జిరాక్సు.

దశ 4: అక్టోబరు – కార్డులు

ఐదుగురితో మాట్లాడినప్పుడు ఒకటి గమనించాను. పేరు చెప్పి అడిగితే తెలియదన్నవారే, లావాదేవీ చెప్పి ఇందులో నష్టం ఎవరిదని అడిగితే చకచకా వాదిస్తున్నారు. రోజంతా వారు చేసే పని అదే కదా. అందుకని ఫారాన్ని రెండుగా విడగొట్టాను. మొదటి భాగంలో ఒక్కో లావాదేవీకి ఒక్కో కార్డు, మొత్తం ఆరు. వాటిలో ఒక్క అరబ్బీ పేరు కూడా ఉండదు. రెండో భాగంలో పేర్లు, ఆ తరువాత అభిప్రాయాలు. వరుస మారకూడదు, ఎందుకంటే పేర్లు ముందు చూసినవారు కార్డుల జవాబులను వాటికి అతికించే ప్రయత్నం చేస్తారు.

కార్డు నాలుగంగుళాలు ఆరంగుళాలు. ప్రతి దానికీ మూడు జవాబులు, నాలుగోది "తెలియదు". పాత ఫారంలో "తెలియదు" లేకపోవడం వల్ల గుడ్డిగా టిక్కు పెట్టినవారికి కూడా సగం మార్కులు వచ్చే అవకాశం ఉండేది. డీటీపీ షాపులో నా యూనికోడ్ ఫైలును వారి పాత ఫాంటులోకి మార్చినప్పుడు వత్తులు ఎగిరిపోయి, "నష్టం" కాస్తా "నషటం" అయింది. రెండోసారి పీడీఎఫ్ చేసి ఇచ్చాను. ఆ మొదటి 60 కార్డులు ఇంట్లో సరుకుల చీటీలు రాసుకోవడానికి ఉపయోగపడుతున్నాయి.

మొదటి కార్డు (ఆటో): ఒక డ్రైవరుకు 2,40,000 రూపాయల ఆటో కావాలి. బ్యాంకు ఆటోను తానే కొని, కొన్న ధర దాచకుండా చెప్పి, 2,88,000కు అతనికి అమ్ముతుంది. నెలకు 12,000 చొప్పున 24 వాయిదాలు. బ్యాంకు కొన్న తరువాత, డ్రైవరుకు అమ్మకముందే ఆటో కాలిపోతే నష్టం ఎవరిది? జవాబు: బ్యాంకుది. ఇది మురాబహా.

గవర్నర్‌పేటలో ఒక ఆఫీసరు దీన్ని చదివి ఫోనులో క్యాలిక్యులేటరు తీశారు. "ఏడాదికి పది శాతం ఫ్లాటు. తగ్గే బాకీ మీద లెక్కిస్తే దగ్గర దగ్గర పద్దెనిమిది శాతం, అంటే రూపాయిన్నర వడ్డీ. పేరు మార్చారు, అంతే కదండీ?" అన్నారు. లెక్క సరైనదే. ఇంటికి వచ్చి నేనూ వేసి చూశాను, నెలకు ఒకటిన్నర శాతం చిల్లర వస్తున్నది. ఆయన మాటలోని అనుమానం కూడా కొత్తది కాదు. మురాబహా మీద ముస్లిం ఆర్థికవేత్తల్లోనే కొందరు చేసే విమర్శ అదే. అయితే కార్డు అడుగుతున్నది రేటును కాదు, ఆటో కాలిపోయిన రోజు అది ఎవరి పేరు మీద ఉన్నదని. ఇంకో తేడా, వాయిదా ఆలస్యమైతే ధర పెరగదు. జరిమానా వేసినా దాన్ని బ్యాంకు లాభంలో కలుపుకోకుండా ధర్మకార్యాలకు ఇవ్వాలి. ఈ రెండూ చెప్పాక ఆయన కాసేపు ఆగి, "మరి ఆటో రెండుసార్లు రిజిస్ట్రేషన్ చేయాలా? రెండు పన్నులా?" అని అడిగారు. ఇళ్ల విషయంలో బ్రిటన్ ఇదే చిక్కులో పడి, 2003లో ఇటువంటి కొనుగోళ్లకు రెండుసార్లు స్టాంపు డ్యూటీ పడకుండా చట్టం మార్చింది. ఆ మరుసటి ఏడాదే అక్కడ ఇస్లామిక్ బ్యాంకు తెరిచారు. అరగంట కిందట ఈ విషయం ఎప్పుడూ వినలేదన్న మనిషి నేరుగా ఆ ముడి దగ్గరికే చేరుకున్నారు.

రెండో కార్డు (మిర్చి) రెండుసార్లు మార్చవలసి వచ్చింది. మొదటి ప్రతి ఇది: బ్యాంకు ఒక వ్యాపారికి ఐదు లక్షలు ఇస్తుంది, పెట్టుబడి అంతా బ్యాంకుది, కష్టం అతనిది, లాభం వస్తే బ్యాంకుకు 60, అతనికి 40. అతడు గుంటూరు యార్డులో తేజ రకం మిర్చి టిక్కీలు (బస్తాలు) కొని పెట్టాడు. సరుకు తడిసి 80,000 నష్టం వచ్చింది. ఎవరు భరించాలి? నా పట్టికలో బ్యాంకు అని ఉంది. ఎనిమిది మందితో పరీక్షిస్తే ఏడుగురు వ్యాపారి అన్నారు. వీరికి ముదారబా (పెట్టుబడి ఒకరిది, కష్టం ఇంకొకరిది అయ్యే ఈ ఒప్పందం) అర్థం కాలేదని రాసుకోబోతుండగా లాలాపేట నుంచి వచ్చిన ఒక క్లర్కు, "మిర్చి తడవనిచ్చాడంటే కోల్డ్ స్టోరేజీలో పెట్టలేదన్నమాట. అది వాడి అశ్రద్ధ సార్, బ్యాంకు ఎందుకు భరిస్తుంది?" అన్నాడు. ఆ రాత్రి పుస్తకం తిరగేస్తే నియమం అదే చెబుతున్నది. మామూలు వ్యాపార నష్టం పెట్టుబడి పెట్టినవారిది, కష్టపడినవాడికి కష్టం వృథా. అశ్రద్ధ వల్లనో షరతు ఉల్లంఘన వల్లనో వచ్చిన నష్టం మాత్రం అతనిదే. ఏడుగురూ ఒప్పు, నా కార్డు తప్పు. "ధర పడిపోయి" అని మార్చాను. తరువాత "యార్డులో ధర పడిపోయి, అందరు వ్యాపారులకూ నష్టం వచ్చింది" అని ఇంకా స్పష్టం చేశాను.

మిగిలిన నాలుగు త్వరగానే కుదిరాయి: ఇద్దరూ పెట్టుబడి పెట్టే ముషారకా (ఇందులో లాభం మాట్లాడుకున్న ప్రకారం, నష్టం పెట్టుబడి నిష్పత్తిలోనే), యంత్రం అద్దెకిచ్చే ఇజారా, పంటకు పూర్తి ధర ముందే చెల్లించి, నాణ్యత, పరిమాణం, అప్పగించే తేదీ ఖరారు చేసుకునే సలమ్, అసలు మాత్రమే తిరిగి తీసుకునే ఖర్జె హసన్.

ఇప్పటివరకు: పరీక్షకు అడిగినవారు 8 మంది (లెక్కలోకి రారు), పనికొచ్చినవి 0, ఖర్చు 1,480 రూపాయలు.

దశ 5: నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు – అసలు పని

ఒక్కొక్కరితో కూర్చునే వరుస:

1. మొదటి వాక్యం చదివి వినిపించడం, ఒప్పుకుంటేనే ముందుకు వెళ్లడం.
2. ఆరు కార్డులు, పన్నెండు నిమిషాలు, ఫోను బల్ల మీద బోర్లా.
3. పేర్ల పట్టీ, మూడు నిమిషాలు.
4. పది అభిప్రాయ వాక్యాలు, ఐదు నిమిషాలు.
5. జవాబులు చెప్పి, ప్రశ్నలుంటే మాట్లాడుకోవడం. ఎంతసేపైనా.

మొదటి మెట్టులోనే తప్పు చేశాను. మొదటి పదిహేను మందికి "కొత్త రకం రుణ ఒప్పందాలపై అధ్యయనం" అని మాత్రమే చెప్పాను, ఇస్లామిక్ అన్న మాట రెండో భాగంలో గానీ బయటపడేది కాదు. పేరు భయపెడుతుందని బాబాయి అన్న మాట నా చెవుల్లో ఉంది మరి. పటమటలో ఒక మహిళా మేనేజరు పేర్ల పట్టీ చూసి పెన్ను కింద పెట్టి, "ఇది ముందే చెప్పి ఉంటే నేను కూర్చునేదాన్నో లేదో నా ఇష్టం కదండీ" అన్నారు. కోపంగా అనలేదు, అందుకే ఎక్కువ తగిలింది. ఆ పదిహేను మందికీ మళ్లీ ఫోను చేసి సంగతి చెప్పి, వద్దంటే ఫారం చింపేస్తానన్నాను. ఏడుగురు వద్దన్నారు, చింపేశాను. ఆ తరువాత మొదటి వాక్యంలోనే "ఇస్లామిక్ బ్యాంకింగ్" అని చెప్పాను. కొందరు అక్కడే లేచి వెళ్లారు. వెళ్లినవారి సంఖ్య రాసిపెట్టుకోకపోవడం ఇంకో తప్పు, అది ఇప్పుడు ఎక్కడా దొరకదు.

భాష విషయంలోనూ ఒక పరిమితి తేలింది. ప్రభుత్వరంగ బ్యాంకుల్లో ఆఫీసర్లు దేశమంతటి నుంచి వస్తారు. తెలుగు కార్డు ముందు పెడితే ఒడిశా నుంచి వచ్చిన ఒక యువ ఆఫీసరు నవ్వి, "చదివి చెప్పండి సార్" అన్నాడు. చదివి చెబితే నా గొంతులోని ఒత్తు జవాబు వైపు లాగుతుంది. తెలుగు చదవగలవారికే పరిమితం చేశాను.

లెక్క:

1. కూర్చున్నవారు 84 (గుంటూరు 38, విజయవాడ 46).
2. వెనక్కి తీసుకున్నవి 7, మధ్యలో ఆగినవి 5.
3. మిగిలినవి 72 (గుంటూరు 31, విజయవాడ 41). క్లర్కులు 29, ఆఫీసర్లు 34, మేనేజర్లు 9.

నేను మొదట పెట్టుకున్న లక్ష్యం 120. దాన్ని ఫిబ్రవరి చివరికి వదిలేశాను.

ఇప్పటివరకు: పనికొచ్చినవి 72, ఖర్చు 4,130 రూపాయలు.

దశ 6: మార్చి – లెక్కలు వేయడం

మార్చిలో బ్యాంకులకు వెళ్లే మాట లేదు కాబట్టి ఎక్సెల్ ముందు కూర్చున్నాను. పది అభిప్రాయ వాక్యాలు ఒకే దిక్కుకు చూస్తున్నాయా అని పరీక్షించే క్రాన్‌బాక్ ఆల్ఫా 0.38 వచ్చింది. 0.7 దగ్గరగా ఉండాలని పాఠం చెప్పేవాణ్ణి నేనే. రెండు రోజులు ఫారాలను, మనుషులను, నన్ను తిట్టుకున్నాక కనబడిన కారణం చిన్నది. పదింటిలో మూడు వాక్యాలు ఇంకా విముఖంగానే ఉన్నాయి, వాటి మార్కులు తిరగేయడం మరచిపోయాను. తిరగేశాక 0.66 అయింది. "ఇది పేదలకు మేలు చేస్తుంది, బ్యాంకుకు లాభం తెస్తుంది" అన్న వాక్యంలో రెండు ప్రశ్నలు ఉన్నాయి. మొదటిదానికి అవునని, రెండోదానికి కాదని అనేవాడు ఎక్కడ టిక్కు పెట్టాలి? దాన్ని తీసేస్తే 0.71.

పేర్ల పట్టీలో ఎనిమిది నిజమైన మాటల మధ్య, ఏ ఒప్పందానికీ పేరు కాని ఒక బూటకపు మాటను కలిపాను. అదేమిటో ఇక్కడ రాయను, రాస్తే మళ్లీ వాడుకోలేను. ఇస్లామిక్ బ్యాంకింగ్ గురించి విన్నామన్నవారు 51 మంది. వారిలో 14 మంది ఆ బూటకపు మాట కూడా విన్నామన్నారు. "వడ్డీ ఉండదు" అన్నదానికి మించి ఒక్క వాక్యం చెప్పగలిగినవారు 13 మంది.

ఇక కార్డులు. ఆటో కార్డులో సరైన జవాబు ఇచ్చినవారు 44 మంది. పేరు విన్న 51 మందిలో 32, పేరే విననివారు 21 మందిలో 12. అంటే పేరు వినడానికీ, లావాదేవీ విడమర్చి చూడగలగడానికీ నా 72 మందిలో చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదు. పాత ఫారంతోనే సాగి ఉంటే ఆ 51ని పట్టుకుని "ఉద్యోగుల్లో అవగాహన బాగుంది" అని రాసేవాణ్ణి. ఎంపిక పరిచయాల మీద జరిగింది కాబట్టి ఈ అంకెలను రెండు నగరాల ఉద్యోగులందరికీ అంటగట్టరాదు.

మిర్చి కార్డులో సరైనవి 19 మాత్రమే. ఎక్కువమంది నష్టం కూడా 60–40గానే పంచారు. తప్పులో కూడా ఒక తర్కం ఉంది, లాభం పంచుకున్నవాడు నష్టం పంచుకోవాలన్నది మన వాడుక. ఒప్పు పెట్టినవారిలో ఇద్దరు ముగ్గురు, "మా ఊళ్లో గేదెను పాలికిస్తారండీ, గేదె చచ్చిపోతే మేపినవాడి దగ్గర డబ్బు అడగరు" అన్నారు. వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చినవారికి ఇది తేలికా అని చూడాలనిపించింది. నా ఫారంలో ఆ గడి లేదు. ఈ పని ఇంకెవరైనా చేస్తే పుట్టిపెరిగిన చోటు, ఇంటి వృత్తి తప్పకుండా అడగాలి.

అభిప్రాయాల వద్ద మాట్లాడించిన ప్రశ్న డిపాజిట్ల గురించి. ముదారబా పద్ధతిలో డిపాజిట్ చేసినవారి అసలుకు హామీ ఉండదు, నష్టం వస్తే వారికీ తగలవచ్చు. 2020 ఫిబ్రవరి నుంచి మన దగ్గర ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటరుకు ఐదు లక్షల వరకు బీమా ఉంది. "ఆ బీమా దీనికి ఎలా అతుకుతుందండీ?" అన్న ప్రశ్న కౌంటరులో కూర్చునేవారి నుంచే ఎక్కువగా వచ్చింది. 2019లో బెంగళూరులో హలాల్ పెట్టుబడుల పేరిట జనం డబ్బు పోయిన ఉదంతాన్ని కొందరు గుర్తు చేశారు. అది బ్యాంకు కాదని చెప్పినా వారి అభిప్రాయపు మార్కు మారలేదు, మారాలని నేను ఆశించడమూ సరికాదు. వన్‌టౌన్‌లో పనిచేసిన ఒక క్లర్కు మాత్రం వేరే దారిలో చెప్పింది: "మా ఖాతాదారులు కొందరు వచ్చి సేవింగ్సులో పడ్డ వడ్డీ ఎంతో విడిగా రాసిమ్మంటారు సార్, అది ముట్టుకోకుండా ఎవరికో ఇచ్చేస్తారు. కొందరు వడ్డీ పడదని కరెంటు ఖాతానే అడుగుతారు. పేరు తెలియదు గానీ, వాళ్లకేం కావాలో నాకు తెలుసు." ఆమె పేర్ల పట్టీలో ఎనిమిదింటికీ "వినలేదు" అని పెట్టింది. ఆరు కార్డుల్లో ఐదు ఒప్పు.

దశ 7: ఏప్రిల్, మే – రెండోసారి అడగడం

కార్డుల జవాబులు నిలకడగా ఉన్నాయో లేదో చూడడానికి 15 మందిని మళ్లీ అడగాలనుకున్నాను. జవాబులు మొదటిసారే చెప్పేయడం వల్ల అవే కార్డులు పనికిరావు. ఆటోకు బదులు కుట్టుమిషను, మిర్చికి బదులు పత్తి, అంకెలు వేరు, అంతకుమించి మార్పు లేదు.

1. దొరికినవారు 11. మిగిలిన నలుగురిలో ముగ్గురు బదిలీ అయ్యారు, ఒకరు ప్రసూతి సెలవు.
2. కుట్టుమిషను కార్డులో ఒప్పు: 11లో 9. వారే మొదటిసారి ఆటోలో: 11లో 7.
3. పత్తి కార్డులో ఒప్పు: 11లో 4. మొదటిసారి మిర్చిలో: 3.

జవాబు ఒకసారి విన్నా, లాభం లాగే నష్టాన్నీ పంచే అలవాటు అంత తేలికగా వదలడం లేదు. కార్డు మాటల్లో ఇంకా తప్పు ఉందేమోనన్న అనుమానంతో "పెట్టుబడి అంతా బ్యాంకుది" అన్న వాక్యాన్ని మొదటి వరుసకు తెచ్చి, కింద గీత గీసి, మరో 20 కార్డులు అచ్చు వేయించాను. బదిలీ అయినవారిలో ఒకరు ఇప్పుడు ఏలూరులో ఉన్నారు. అక్కడి సహోద్యోగుల దగ్గర పరీక్షిస్తానని కట్ట ఒకటి తీసుకువెళ్లారు, శనివారం మధ్యాహ్నాలు మాత్రమే అడగమని చెప్పి పంపాను.

ఇప్పటివరకు: పనికొచ్చినవి 72, రెండోసారివి 11, ఖర్చు 4,865 రూపాయలు.